భయానికి జీతం

కొందరికి కండబలం అన్నం పెడుతుంది, కొందరికి నోరు అన్నం పెడుతుంది. మన సేఫ్టీ మేనేజర్‌కి మాత్రం భయం అన్నం పెట్టింది. చిన్నప్పుడు ఆయనకు నిచ్చెనంటే భయం, కరెంటు తీగంటే భయం. వీధిలో లారీ వెనక్కి వస్తుంటే ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకునేవాడు. వీడు ఎలా బతుకుతాడో అని తండ్రి తల పట్టుకుని కూర్చునేవాడట. పెద్దయ్యాక బిల్డింగులు కట్టే ఒక కంపెనీ స్టోర్‌లో మేకులూ బోల్టులూ చూసుకునే పని దొరికింది. అక్కడైనా తన పని తాను చూసుకున్నాడా అంటే, లేదు. పైన ఎవడి చేతిలోనైనా సుత్తి కనిపిస్తే చాలు, కింద నడిచేవాళ్ళను చేతులు అడ్డుపెట్టి మరీ ఆపేసేవాడు. ఒకసారి అలా ఆపింది కంపెనీ పెద్దాయననే. ఆపిన మరుక్షణం ఆ సుత్తి జారి, ఆయన నిలబడవలసిన చోట పడింది. పెద్దాయన సుత్తి వంకా ఈయన వంకా మార్చి మార్చి చూసి, మనకు కావలసింది ఇలాంటి పిరికివాడే అని తేల్చేశాడు. చదువు చెప్పించి, పరీక్షలు రాయించి, సేఫ్టీ మేనేజర్‌ని చేశాడు. భయపడితే కూడా జీతమిస్తారా అని తండ్రి నోరు వెళ్ళబెట్టాడు.

సైటులో ఆయన పేరు భయం సార్. ఎదురుగా సార్ అనేవారు, వెనక భయం చేర్చేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినా చిన్నబుచ్చుకోలేదు, పైగా ఉన్న మాటేగా అనేవాడు.

పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, నిచ్చెన మెట్లను ఒక్కొక్కటిగా తొక్కి చూసేవాడు. వైర్ల మీద చీలికల కోసం వెతికేవాడు. లిఫ్టు కోసం వదిలిన గుంతకు అడ్డుకర్రలు ఉన్నాయా, లేక రాత్రి చలికి ఎవరైనా పీకి మంటేసుకున్నారా అని చూసేవాడు. తర్వాత పనివాళ్ళందరినీ నిలబెట్టి, ఆ రోజు ఎవరికి ఏ మూల నుంచి ఏ ముప్పు రావచ్చో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. కొత్తగా చేరినవాడు ఆ ఉపన్యాసం వింటే, మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోదామనుకోవడం ఖాయం. పాతవాళ్ళు నిలబడే కునుకు తీసేవారు. వాళ్ళకు సేఫ్టీ బెల్టు వేసుకోవడం వచ్చు, దాని తాడు చివరి కొక్కెం పైపుకు తగిలించుకోవడమే రాదు. నడుముకు బెల్టు బిగించి, తాడును తోకలా వేలాడదీసుకుని ఆరో అంతస్తులో తిరిగేవారు. భయం సార్ కంటబడితే ఇక అంతే సంగతులు. పని ఆపించి, కిందికి దింపి, కొక్కెం లేని బెల్టు వడ్డాణంతో సమానమని, కావాలంటే దానికి గజ్జెలు కూడా కట్టిస్తానని నలుగురి ముందూ దులిపేసేవాడు.

పని ఆపించే అధికారం ఒక్కటి ఆయన చేతిలో ఉంది. ఆయన ఆపమంటే సైటు ఇంజనీరు కూడా ఆగవలసిందే. ఆ అధికారం వల్ల ఆయనకు దక్కిన స్నేహితులు ఎంతమందంటే, మధ్యాహ్నం ఒంటరిగా టిఫిను డబ్బా విప్పుకునేటంతమంది. అసలు ఆ ఉద్యోగమే అలాంటిది. ఏమీ జరగకపోతే, ఈయన ఉండి ఏం లాభం అంటారు. ఏదైనా జరిగితే, ఈయన ఉండి ఏం చేసినట్టు అంటారు. ఎటు తిరిగినా అక్షింతలు ఆయనకే.

ఇంట్లోనూ అదే తంతు. ఆయన భార్య స్టూలెక్కి అటక మీది డబ్బా తీయాలంటే, ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా ఆగేది. లేకపోతే స్టూలు పట్టుకోవడానికి ఒకరు, డబ్బా అందుకోవడానికి ఒకరు కావాలని మనుషుల కోసం వీధిలోకి వెళతాడు. పెళ్ళి మాటలు జరుగుతున్న రోజుల్లో మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈయన పిల్లను చూడలేదు, మేడ మెట్లను చూశాడు. వీటికి పట్టుకునే కమ్మీ ఏదండీ అని కాబోయే మామగారిని నిలదీశాడు. ఆ వెంటనే, పిట్టగోడ మీద కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్న పిల్ల తమ్ముణ్ణి చూసి, మొహం తెల్లబోయి, వెళ్ళి వాణ్ణి రెండు చేతులా పట్టుకుని కిందికి దించాడు. వాడు ఈయన చెయ్యి కొరికాడు. బావాబావమరుదుల బంధుత్వం అలా మొదలైంది.

ఆ పిట్టగోడ పిల్లాడే పెద్దయి సారవ మేస్త్రి అయ్యాడు. బిల్డింగు గోడ వెంట ఇనప పైపులు నిలబెట్టి, అడ్డంగా చెక్కలు పరిచి, పనివాళ్ళు ఎక్కి నిలబడడానికి సారవ కట్టడం వాడి పని. నేల మీద నడిచేటప్పుడు కాస్త తూలినట్టు నడిచేవాడు గానీ పైపు ఎక్కితే మాత్రం ఉడుతే. పేరు కూడా ఉడుత మేస్త్రి అనే స్థిరపడింది. ఇక మనం చెప్పుకునేది, వాడికి సరిగ్గా బావ పనిచేస్తున్న సైటులోనే ముందువైపు గోడకు సారవ కట్టే కాంట్రాక్టు దొరికిన సంగతి.

దొరికింది సొంత పనితనం వల్లే. కానీ లోకం ఊరుకుంటుందా? బావే ఇప్పించాడంది. ఆ మచ్చ కడుక్కోవడానికి భయం సార్ బావమరిదితో మరింత కటువుగా ఉండడం మొదలుపెట్టాడు. వేరేవాళ్ళ పైపు ఒకసారి చూస్తే, వీడి పైపు రెండుసార్లు చూసేవాడు. వేరేవాళ్ళను పక్కకు పిలిచి చెప్పేది వీడికి నలుగురిలో చెప్పేవాడు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో పెట్టే అల్లుడు దొరికాడని అత్తగారు మూతి విరిచేది. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని సామెత. ఇక్కడ మాత్రం బావమరిది బతకాలని కోరుకునే పని బావ నెత్తిన పడింది. ఆయనకు వాడంటే ప్రాణం. ఆ సంగతి ఒక్కనాడూ నోరు విప్పి చెప్పలేదు, చెప్పవలసిన చోటల్లా తిట్టాడు.

ఒకరోజు పనివాళ్ళు ఈలలు వేస్తుంటే, ఉడుత మేస్త్రి పైన ఒంటి పైపు మీద చేతులు చాపి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. కొక్కెం సంగతి దేవుడెరుగు, బెల్టు కూడా లేదు. అవతలి చివర భయం సార్ నిలబడి ఉన్నాడు. ఆ సాయంత్రందాకా సైటులో అడుగు పెట్టవద్దని, అందరూ చూస్తుండగా వాణ్ణి గేటు బయటికి పంపేశాడు. తన దగ్గర కూలి తీసుకునేవాళ్ళ ముందు తల దించుకుని గేటు దాటడమంటే మేస్త్రికి తల తీసేసినట్టే. ఆనాటి నుంచి వాడు బావతో మాటలు మానేశాడు.

మాటలు మానేశాడే గానీ అక్క ఇంటికి రావడం మానలేదు. వాడి గది ఆ పక్క వీధిలోనే, పొయ్యి మాత్రం అక్క ఇంట్లోనే. కాబట్టి ఆ ఇంట్లో కొత్త పద్ధతి పుట్టింది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఇంకొకరికి ఆవిడ చేత చెప్పించుకునేవారు. అక్కా, ఉప్పు అటున్న వాళ్ళను ఇటు జరపమను అని వాడు. మీ తమ్ముడికి నోరు లేదేమో కనుక్కో అని ఈయన. ఆవిడ మొదట్లో అటూ ఇటూ మోసింది, తర్వాత విసుగెత్తి, ఇద్దరి మధ్యా ఉప్పు గిన్నెలు రెండు పెట్టింది. అయినా ఇద్దరూ పట్టు విడవలేదు. ఉడుం పట్టంటే అదే.

ఇంతలో బిల్డింగు పని ఒక కొలిక్కి వచ్చింది. ముందు గోడకు రంగు పూర్తయింది. ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు మర్నాడు చూడడానికి వస్తున్నారు. అప్పుడు పెయింటర్ ఒక పేచీ తెచ్చాడు. సారవ గోడను విడిచి బయటికి ఒరగకుండా, దాన్ని అక్కడక్కడా ఇనప పట్టీలతో గోడకు బిగిస్తారు. పట్టీ బిగించిన ప్రతిచోటా బ్రష్షు దూరదు. అంచేత మీగడ రంగు గోడ నిండా అరచేయంత మేర సిమెంటు మచ్చలు మిగిలిపోయాయి. సారవ విప్పేశాక గాల్లో నిలబడి పూయమంటారా, ఉన్నప్పుడే పట్టీలు తీయించండి అని పెయింటర్ అడిగాడు. ఇంజనీరుకు మర్నాటి చుట్టాలే కళ్ళముందు మెదులుతున్నారు. ఉడుత మేస్త్రి చెయ్యి ఊపి, ఒక్క పూటకు ఏం కాదు, సారవ కట్టింది నేను అన్నాడు. మామూలుగానైతే అలాంటి పనికి సేఫ్టీ మేనేజర్ అనుమతి కావాలి. కానీ సేఫ్టీ మేనేజర్‌తో వాడికి మాటలు లేవు, అక్కేమో సైటులో లేదు. అలా అడగకుండానే పట్టీలన్నీ ఊడిపోయాయి.

భయం సార్ ఆ వేళ బిల్డింగు వెనకవైపు ఉన్నాడు. క్రేనుతో నీళ్ళ ట్యాంకు పైకెత్తుతుంటే, తాడు పోగులు చూస్తూ, కింద ఎవరూ రాకుండా కాపలా కాస్తున్నాడు. ట్యాంకు పైకి చేరాక చేతులు దులుపుకుని ముందువైపుకు వచ్చాడు. వచ్చి గోడ వంక చూశాడు. గోడ కడిగిన ముత్యంలా ఉంది. ఎంత బాగుందో అనుకున్నాడు. అనుకున్నాక గుండె జారిపోయింది.

ఒక్క మచ్చ కూడా లేదు. మచ్చ లేదంటే పట్టీ లేదు. పట్టీ లేదంటే, ఆరంతస్తుల పైపులు గోడను ముట్టుకోకుండా తమ కాళ్ళ మీద తాము నిలబడి ఉన్నాయి. వాటి మీద ముగ్గురు పెయింటర్లు మూడు చోట్ల పని చేస్తున్నారు. అందరికన్నా పైన ఉడుత మేస్త్రి రంగు డబ్బా పక్కన కూర్చుని మిగిలిన పని చూస్తున్నాడు.

ఇంకో రోజైతే ఆయన పెట్టే కేకకు పక్క వీధిలో వాళ్ళు కూడా పని ఆపేసేవారు. నోటిదాకా వచ్చిన కేకను ఆయన మింగేశాడు. తాను కేకేస్తే పైవాళ్ళు ఏం చేస్తారో ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు. అందరూ పని వదిలేసి బయటి అంచుకు వస్తారు, కిందికి వంగుతారు, ఈసారి ఏమైంది సార్ అని వాదిస్తారు. నలుగురి బరువూ ఒకేసారి బయటి అంచు మీద పడితే ఏమవుతుందో ఆయన ఊహించుకున్నాడు. ఊహించుకోవడానికేగా ఆయనకు జీతం.

వాచ్‌మన్‌ను పిలిచి, గోడ ముందు తాడు కట్టి, అటు ఈగను కూడా రానివ్వొద్దని చెవిలో చెప్పాడు. చెప్పి లోపలి మెట్లెక్కాడు. లిఫ్టు ఇంకా పెట్టలేదు, మోకాళ్ళకు ఎప్పుడో వయసొచ్చింది. రెండో అంతస్తు కిటికీ దగ్గర ఆగి, ఆయాసం దాచుకుని, బయట ఉన్న పెయింటర్‌ని లోపలికి రమ్మన్నాడు. వాడు బ్రష్షు పట్టుకుని అనుమానంగా చూశాడు. కిటికీలోంచి దూరితే ఆ రోజుకు పని లేదని బోర్డు రాయించి పెట్టింది ఈయనే. ఇదేదో తనను ఇరికించే ఎత్తని వాడు గట్టిగా నమ్మాడు. బోర్డు రాసింది నేనే, చెరిపేది కూడా నేనే, రా నాయనా అని బతిమాలితే వచ్చాడు. పై రెండు కిటికీల దగ్గరా అదే బతిమాలుడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు మెట్లమీదుగా వెనకవైపుకు పంపేశాడు. ఇక ఉన్నది ఒక్కడే.

ఆరో అంతస్తు కిటికీ బయట ఉడుత మేస్త్రి గోడకు వీపు పెట్టి, చెక్క మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. భయం సార్ వాడి నడుము వంక చూశాడు. బెల్టు ఉంది. కొక్కెం కూడా తగిలించి ఉంది. పనికి చేరిన ఇన్నాళ్ళలో వాడు ఇంత బుద్ధిగా, ఇంత సరిగ్గా కొక్కెం తగిలించుకోవడం ఆయన చూడలేదు. తగిలించింది సారవ పైపుకే. అంటే సారవ ఎటు పోతే వాడూ అటే పోతాడు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడు కూడా కొమ్మకు తనను తాడేసి కట్టుకోడు. తాను పోరి పోరి నేర్పిన పాఠమే వాణ్ణి చంపేలా ఉంది.

"లోపలికి రారా," అన్నాడు మెల్లగా.

వాడు తల తిప్పలేదు. ఎదురుగా ఉన్న ఆకాశంతో మాట్లాడాడు. చెప్పేవాళ్ళు ఏదైనా చెప్పాలనుకుంటే మా అక్క చేత చెప్పించమనండి అని ఆకాశానికి చెప్పాడు.

చెయ్యి చాపితే వాడి భుజం అందుతుంది. కానీ పట్టుకుంటే విదిలించుకుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. విదిలించుకుంటే వాడి ఒళ్ళు కదులుతుంది, వాడితో పాటు ఇంకేవేవో కదులుతాయి. భయం సార్ చాపిన చేతిని వెనక్కి తీసుకుని జేబులోంచి ఫోను తీశాడు. భార్యకు కలిపాడు. స్పీకరు పెట్టి, కిటికీ అంచు మీద ఉంచాడు. అవతల కుట్టుమిషను చప్పుడు వినిపించి, ఆగింది.

"నీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు," అన్నాడు ఆయన. "కొక్కెం తీసేసి, నెమ్మదిగా కిటికీలోంచి లోపలికి రమ్మని చెప్పు."

ఆవిడ, ఉప్పు గిన్నె సంగతి సైటుదాకా వెళ్ళిందని తిట్టబోయి ఆగింది కాబోలు. కొక్కెం తీసేయమని ఆ మనిషి నోట వినవలసి వస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు.

"ఒరేయ్," అంది చివరికి. "మీ బావ కొక్కెం తీసేయమంటున్నాడురా. ఆయన గొంతు విన్నావా? పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఇంత మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. నువ్వింకేం మాట్లాడకుండా లోపలికి నడు."

ఉడుత మేస్త్రి మొదటిసారి తల తిప్పి బావ మొహం చూశాడు. ఏం కనిపించిందో గానీ, కొక్కెం తీసేశాడు. నెమ్మదిగా లేచి, ఒక కాలు కిటికీ గట్టు మీద పెట్టి, రెండో కాలు చెక్క మీద నుంచి తీశాడు. సాయం కోసం చాపిన చేతిని మాత్రం పట్టుకోలేదు. తనంతట తానే గదిలోకి దిగాడు.

దిగగానే రోషం తన్నుకొచ్చింది. బావను చూడకుండా ఫోనును చూస్తూ అక్కకు మొరపెట్టుకున్నాడు. మొన్న గేటు బయటికి తోలి పరువు తీశాడని, ఇవాళ పిల్లాణ్ణి పిలిచినట్టు కిటికీలోంచి పిలిచి మిగిలింది కూడా తీశాడని, ఈ సైటులో ఇంకెవడూ తనను మేస్త్రి అనడని, మీ ఆయన భయానికి జీతమిస్తారు గానీ నా ధైర్యానికి ఎవడిస్తాడని అడిగాడు. ఆవిడ ఊఁ ఊఁ అంటూ వింది. భయం సార్ ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు. వాడి రెండు కాళ్ళూ గచ్చు మీద ఉన్నాయి, ఆయనకు అది చాలు.

ఆ మౌనం వాణ్ణి ఇంకా మండించింది.

"అక్కా, మీ ఆయనకు చెప్పు," అన్నాడు. "నేను కట్టిన సారవ ఏనుగెక్కినా కదలదు. కావాలంటే చూసుకోమను."

అని, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, ఎదురుగా ఉన్న పైపును అరచేత్తో ఒక్క తోపు తోశాడు.

పైపు చేతికి అడ్డు చెప్పలేదు. వెళ్ళిపోయింది. దానితో పాటు పక్క పైపు, దాని పక్కది, చెక్కలు, కింది అంతస్తులవి, మొత్తం ముందువైపంతా గోడను విడిచి బయటికి జరిగింది. గోడకూ చెక్కకూ మధ్య ఇప్పటిదాకా కాలు పట్టని సందు ఉండేది, ఇప్పుడు అందులోంచి నేల కనిపించింది. సారవ అక్కడ ఆగింది. ఎటు పోదామా అని ఆలోచించుకుంటున్నట్టు కాసేపు ఆగింది. తర్వాత కిరకిరమంటూ వెనక్కి వచ్చి గోడను గుద్దుకుంది. ఆ కుదుపుకు వాడు ఇందాకటిదాకా ఆనుకుని కూర్చున్న చోట ఉన్న రంగు డబ్బా జారి, అంచు దాటి పోయింది. అది కింద పడిన చప్పుడు రావడానికి చాలా సేపు పట్టింది. వచ్చినప్పుడు బాంబు పేలినట్టు వచ్చింది.

తాడు అవతల వాచ్‌మన్ కూర్చుండిపోయాడు. ఖాళీ నేల మీద మీగడ రంగు పాకుతోంది.

ఆరో అంతస్తులో ఎవరూ కదలలేదు. ఉడుత మేస్త్రి చెయ్యి ఇంకా కిటికీ బయట గాల్లోనే ఉంది. వాడి చొక్కా కాలరు భయం సార్ పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో ఆయనకూ తెలియదు, వాడికీ తెలియదు. ఈసారి వాడు విదిలించుకోలేదు. బావ మీదికి ఒరిగాడు. పడిపోకుండా బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. భయం సార్‌కు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

కిటికీ గట్టు మీద ఫోను అరుస్తోంది.

"ఏంటా చప్పుడు? ఏం పడింది? మాట్లాడరేం?" ఆవిడ గొంతు అంతకంతకూ పైకి పోయి, చివరికి సన్నగా పగిలింది. "ఇద్దరూ ఉన్నారా?"

"ఉన్నాం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.